చెన్నమనేని రమేశ్ కేసు: పౌరసత్వమే చెల్లనప్పుడు ఇన్నేళ్లు ఎమ్మెల్యేగా ఎట్లా ఉన్నారు?

కోనరావుపేట ఓటరు:

మాది వేములవాడ నియోజకవర్గం. నా మొదటి ఓటు 2018లో. ఎవరికి వేశానో అడగకండి, గెలిచింది మాత్రం చెన్నమనేని రమేశ్. 2024 డిసెంబర్‌లో ఆయన పౌరసత్వం రద్దు సరైనదేనని హైకోర్టు తీర్పు వచ్చినప్పటి నుంచి మా ఇంట్లో ఇదే లొల్లి. నాన్న ఆయన మనిషి. "ఈ మట్టిల పుట్టినోడు, రాజేశ్వర్రావు కొడుకు, పరాయోడు ఎట్లయితడు" అంటాడు. మా చిన్నాయనేమో "జర్మనీ ఎమ్మెల్యే" అని ఒకటే వెక్కిరింత. పండుగ పూట కూడా ఇద్దరూ సరిగ్గా మాట్లాడుకోలేదు.

నాకు ఇద్దరి మాటా సగమే అనిపిస్తోంది. నామినేషన్ వేసిన రోజే ఎందుకు ఆపలేదు? 2009లో మొదలైన తగాదా 2024 దాకా ఎందుకు సాగింది? పౌరుడు కాని మనిషి సభలో ఓటేస్తే ఆ చట్టాలు చెల్లుతాయా? జీతం సంగతేంటి? పార్టీల తిట్లు వద్దు. తెలిసినవాళ్లు ఎవరైనా ఓపిగ్గా చెప్పండి.

రిటైర్డ్ డీటీ:

తమ్ముడూ, నేను రెవెన్యూలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయ్యాను. మీ జిల్లా కాదు. నామినేషన్ల పరిశీలన దగ్గర ఆర్వో (రిటర్నింగ్ అధికారి) పక్కన కూర్చుని కాగితాలు అందించిన అనుభవం ఉంది కాబట్టి మొదట దాని గురించే చెబుతా.

ఆ బల్ల దగ్గర ఎవరి పౌరసత్వం మీదా లోతైన విచారణ జరగదు, పైపైన పరిశీలనే ఉంటుంది. అభ్యర్థి ఓటరు జాబితా నకలు తెస్తాడు. అందులో పార్ట్ నంబరు, క్రమసంఖ్య సరిపోతే అతను ఓటరే అని చట్టం నమ్మమంటుంది. అభ్యంతరం చెప్పినవాడు అక్కడికక్కడే గట్టి రుజువు పెట్టాలి. రమేశ్ విషయంలో అసలు రుజువు ఎటువైపు ఉందో చూడండి. 2009 ఫిబ్రవరి 3న కేంద్ర హోంశాఖ ఆయనకు భారత పౌరసత్వం ఇచ్చింది. మీ దగ్గర పోలింగ్ జరిగింది ఏప్రిల్ 16న. అంటే నామినేషన్ వేసేనాటికి ఆయన చేతిలో రాజముద్ర ఉన్న కాగితం ఉంది. దాన్ని పక్కన పెట్టే అధికారం ఏ ఆర్వోకూ లేదు. నేనున్నా తీసుకునేవాణ్ణే.

మీ చిన్నాయన "జర్మనీ ఎమ్మెల్యే" అంటే వినడానికి బాగుంటుంది గానీ కేసు అది కాదు. ఆయన బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ చేసి అక్కడే స్థిరపడ్డారు. 1993లో జర్మన్ పౌరసత్వం తీసుకున్నారు. వేరే దేశం పౌరసత్వం తీసుకున్న క్షణమే మన పౌరసత్వం పోతుంది, మనకు రెండు పౌరసత్వాలు లేవు. అంతవరకు దాపరికం లేదు, గొడవా లేదు. తిరిగొచ్చి 2008 మార్చి 31న మళ్లీ భారతీయుణ్ణి చేయమని దరఖాస్తు పెట్టారు. ఒకప్పుడు మన పౌరులై ఉన్నవాళ్లకు చట్టంలో దారి ఉంది, సెక్షన్ 5(1)(ఎఫ్). దానికి ఒక షరతు: దరఖాస్తుకు ముందు ఏడాది పాటు ఇండియాలోనే నివాసం ఉండాలి.

గొడవంతా ఆ ఏడాది మీదే. ఆ పన్నెండు నెలల్లో ఆయన విదేశాలకు వెళ్లొచ్చారని, ఆ ప్రయాణాలు దరఖాస్తులో చెప్పలేదని ప్రత్యర్థి ఆది శ్రీనివాస్ ఫిర్యాదు. హోంశాఖ కమిటీ వేసి విచారించి, నిజమేనని తేల్చి, 2017 ఆగస్టు 31న పౌరసత్వం రద్దు చేసింది. ఎక్కడ పుట్టాడు, ఎవరి కొడుకు అనేది ఏ ఉత్తర్వులోనూ సమస్య కాదు. మీ నాన్నగారు లేని ఆరోపణకు జవాబు చెబుతున్నారు.

ఇక ఇన్నేళ్లు ఎందుకు పట్టిందంటే, తట్టిన ప్రతి తలుపు దగ్గరా "ఇది మా టేబుల్ కాదు" అన్నారు.

ఎన్నిక మీద పిటిషన్ వేయాలంటే ఫలితం వచ్చిన 45 రోజుల్లో హైకోర్టుకు పోవాలి. విచారణ ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టంలోనే రాసి ఉంది. ప్రయత్నం చేయాలి అనే ఉంది గమనించండి, ముగించాలి అని లేదు. 2010 ఉప ఎన్నిక గెలుపు చెల్లదని హైకోర్టు చెప్పేసరికి 2013 వచ్చింది. వెంటనే సుప్రీంకోర్టు నుంచి స్టే. స్టే నడుస్తుండగానే 2014 ఎన్నికలు, మళ్లీ గెలుపు. సభ పదవీకాలం ముగిశాక పాత పిటిషన్‌లో గెలిచినా చేతికొచ్చేది ఏముంది?

గవర్నర్ దారి కూడా ఇక్కడ పనిచేయదు. 192వ అధికరణం కింద గవర్నర్ ఎన్నికల సంఘం అభిప్రాయం తీసుకుని ఎమ్మెల్యేను అనర్హుడని ప్రకటించవచ్చు. కానీ అది ఎన్నికైన తర్వాత పుట్టిన అనర్హతకే. గెలవకముందే ఉన్న లోపానికి ఆ దారి లేదని సుప్రీంకోర్టు 1953లోనే చెప్పింది. ఆ కేసు కూడా మన తెలుగాయనదే. కాకినాడ నుంచి మద్రాసు శాసనసభకు ఎన్నికైన సాకా వెంకట సుబ్బారావు కేసు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు రాసి పెట్టుకోండి.

మిగిలింది హోంశాఖ. పౌరసత్వం ఇచ్చేదీ తీసేసేదీ అదే. 2009లో అందిన ఫిర్యాదు మీద 2017లో ఉత్తర్వు వచ్చింది. అదీ మధ్యలో సుప్రీంకోర్టు తేల్చమని చెప్పాక. ఆయన రివ్యూ కోరారు, డిసెంబర్‌లో తోసిపుచ్చారు. హైకోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకున్నారు. మీరు 2018లో మొదటి ఓటు వేసింది ఆ స్టే నీడలోనే. 2019 జులైలో హైకోర్టు రద్దు ఉత్తర్వును కొట్టేసి మళ్లీ హోంశాఖకే పంపింది. కారణం ఆసక్తికరం. తప్పు చెప్పి పౌరసత్వం పొందాడని తేలినంత మాత్రాన తీసేయలేరు, ఆ మనిషి పౌరుడిగా కొనసాగడం ప్రజాహితానికి విరుద్ధమా కాదా అన్నది కూడా చూడాలి, అది సెక్షన్ 10(3). మీరు అది చూడలేదు, చూసి చెప్పండి అంది కోర్టు. హోంశాఖ చూశానని చెప్పి 2019 నవంబర్ 20న మళ్లీ రద్దు చేసింది. మళ్లీ హైకోర్టు, మళ్లీ స్టే.

2023లో బీఆర్ఎస్ ఆయనకు టికెట్ ఇవ్వలేదు. చల్మెడ లక్ష్మీనరసింహారావును నిలబెట్టింది. ఆది శ్రీనివాస్ కాంగ్రెస్ నుంచి గెలిచారు. ఆ తర్వాత ఏడాదికి, 2024 డిసెంబర్ 9న, జస్టిస్ విజయ్‌సేన్ రెడ్డి రమేశ్ పిటిషన్ కొట్టేశారు. ఖర్చుల కింద 30 లక్షలు కట్టమన్నారు. అందులో 25 లక్షలు ఆది శ్రీనివాస్‌కు, 5 లక్షలు న్యాయసేవల సంస్థకు. కోర్టును తప్పుదోవ పట్టించారన్నది తీర్పులోని మాట. జర్మన్ పౌరసత్వం వదులుకున్నట్టు ఆ దేశ రాయబార కార్యాలయం నుంచి ఒక్క కాగితం చూపలేకపోయారని కూడా ఉంది. 2017 ఉత్తర్వులో ఉన్నది ఏడాది నివాసం సంగతి. చివరి తీర్పులో బరువు వదులుకోని జర్మన్ పౌరసత్వం మీద కూడా పడింది. ఈ తేడా టీవీ చర్చల్లో ఎవరూ పట్టించుకోలేదు.

మొత్తం కథలో నన్ను ఆపేసిన సంగతి ఒకటే. ఇన్ని తీర్పులు, ఉత్తర్వులు వచ్చినా వేములవాడ సీటు వాటి వల్ల ఒక్క రోజు కూడా ఖాళీ కాలేదు. ఒకే ఒక్కసారి ఖాళీ అయింది, 2010లో. అది కూడా తెలంగాణ కోసం ఆయనే రాజీనామా చేస్తే.

చందుర్తి రైతు:

డీటీ గారూ, వివరంగా రాశారు, కాదనను. కానీ రమేశ్‌బాబు గురించి అసలు మాట వదిలేశారు. ఆయన తండ్రి చెన్నమనేని రాజేశ్వరరావు కమ్యూనిస్టు పార్టీలో బతుకంతా ధారపోసి, తర్వాత తెలుగుదేశంలోకి వచ్చి, సిరిసిల్ల నుంచి ఎన్నోసార్లు గెలిచిన మనిషి. ఒక చిన్నాన్న హనుమంతరావు ప్రణాళికా సంఘంలో సభ్యుడిగా చేశారు. ఇంకో చిన్నాన్న విద్యాసాగర్‌రావు వాజ్‌పేయి ప్రభుత్వంలో సాక్షాత్తూ హోంశాఖ సహాయ మంత్రి, తర్వాత మహారాష్ట్ర గవర్నర్. ఇలాంటి ఇంట్లోవాడు పౌరుడు కాదంటే మాకు నవ్వు రాదా?

2009లో రెండు వేల లోపు తేడాతో గెలిచాడు, ఒప్పుకుంటా. అప్పుడు తెలుగుదేశం. ఏడాది తిరక్కుండానే రాజీనామా చేసి టీఆర్ఎస్ నుంచి నిలబడితే యాభై వేల మెజారిటీ ఇచ్చినం. అప్పటికే ఈ జర్మనీ ముచ్చట ఊరూరా తెలుసు. తెలిసే వేసినం. 2014లో వేసినం, 2018లో వేసినం. నాలుగుసార్లు జనం చెప్పిన తీర్పు కంటే ఒక దరఖాస్తు ఫారంలో నింపని గడి పెద్దదా? అయినా ఇమిగ్రేషన్ ముద్రలు పాస్‌పోర్టులోనే ఉంటాయి కదా, పౌరసత్వం ఇచ్చేటప్పుడు హోంశాఖ వాళ్లు కళ్లు మూసుకున్నారా?

కథలాపూర్ టీచర్:

రైతన్నా, ఊరూరా తెలుసు అన్నారు. మా బడిలో పోలింగ్ స్టేషన్ పెడతారు, నాకు తెలిసి చాలామందికి తెలిసింది "ఏదో కేసు ఉందట" అన్నంతవరకే. ఇంకో వైపు కూడా చూడండి. ఆది శ్రీనివాస్ 2009, 2010లో కాంగ్రెస్ నుంచి, 2014లో బీజేపీ నుంచి, 2018లో మళ్లీ కాంగ్రెస్ నుంచి నిలబడి నాలుగుసార్లూ ఇదే మనిషి చేతిలో ఓడారు. పార్టీ మారినా కేసు మారలేదు. ఓడిన ప్రతిసారీ ఫైలు పట్టుకుని ఢిల్లీ, హైదరాబాద్ తిరిగారు. ఆయన పట్టుదలను మెచ్చుకోవాలో, వ్యవస్థ ఒక ఓడిన అభ్యర్థి సొంత ఖర్చు మీద ఆధారపడిందని బాధపడాలో నాకు తెలియడం లేదు. మామూలు ఓటరు ఎవరైనా పదిహేనేళ్లు లాయర్లను పెట్టుకోగలడా?

రిటైర్డ్ డీటీ:

చందుర్తి రైతు గారూ, ఇమిగ్రేషన్ ముద్రల గురించి మీరడిగిన ప్రశ్న నూటికి నూరు పాళ్లు సరైంది. దరఖాస్తు మీద విచారణ చేసి సిఫారసు చేసిన యంత్రాంగం ఒకటి ఉంటుంది. ఆ వరుసలో ఒక్కరు పాస్‌పోర్టు పేజీలు తిప్పి తేదీలు కూడితే 2008లోనే ఫైలు వెనక్కి వెళ్లేది. ఆయన ఇంకో ఏడాది ఇక్కడ ఉండి, మళ్లీ దరఖాస్తు పెట్టుకుని, శుభ్రంగా పౌరుడై ఉండేవారు. కాకపోతే 2009 ఎన్నిక దాటిపోయేది. తొందర ఎక్కడుందో అర్థమైంది కదా.

జనం తీర్పు సంగతి మాత్రం ఒప్పుకోలేను. పౌరుడై ఉండాలన్నది 173వ అధికరణం పెట్టిన మొదటి అర్హత. యాభై వేల మెజారిటీ వచ్చిందని అర్హత రాదు. ఇదే వాదన 2001లో జయలలిత కేసులో సుప్రీంకోర్టు ముందు పెట్టారు. శిక్ష పడి పోటీకే అనర్హురాలైనా, జనం పార్టీని గెలిపించారు కాబట్టి ముఖ్యమంత్రి కావచ్చని. అయిదుగురు జడ్జీల బెంచి ఒప్పుకోలేదు. జనం మాట కూడా రాజ్యాంగానికి లోబడే ఉండాలంది. ఆమె దిగిపోవాల్సి వచ్చింది. రమేశ్‌గారి కేసు కంటే అక్కడ జనాదరణ తక్కువేం కాదు.

ఇంటిపేరు వాదన అయితే అసలు వద్దు. చిన్నాన్న హోంశాఖ సహాయ మంత్రిగా చేసిన ఇంట్లో పౌరసత్వ చట్టం తెలియదని ఎవరైనా అనుకుంటారా? ఆ ప్రస్తావన ఆయనకు మేలు చేయదు.

టీచర్ గారూ, మీరన్నది నాకూ గుచ్చుకుంది. ఓటరు కూడా ఎన్నికల పిటిషన్ వేయవచ్చు, చట్టం ఒప్పుకుంటుంది. డిపాజిట్ కట్టాలి, లాయర్‌ను పెట్టాలి, సాక్ష్యాలు మోయాలి. ఎవరూ వేయరు.

కోనరావుపేట ఓటరు:

సార్, చాలా థ్యాంక్స్. నాన్నకు మీ మొదటి జవాబు చదివి వినిపించాను. "లేని ఆరోపణకు జవాబు" అన్నచోట ఆగి, "ఏడాది ఉండాలని మాకెవడు చెప్పిండు" అన్నాడు. చిన్నాయన నవ్వలేదు గానీ టీవీ సౌండ్ పెంచాడు. నా మిగతా రెండు ప్రశ్నలు ఉండిపోయాయి. చట్టాలు చెల్లుతాయా, జీతం ఏమవుతుంది?

రిటైర్డ్ డీటీ:

చట్టాలకు ఢోకా లేదు. ఇలాంటి పరిస్థితి వస్తుందని రాజ్యాంగం రాసినవాళ్లు ముందే ఊహించారు. 189వ అధికరణం రెండో క్లాజు చూడండి. సభలో కూర్చునే, ఓటేసే హక్కు లేని వ్యక్తి అందులో పాల్గొన్నాడని తర్వాత బయటపడినా ఆ సభ చేసిన పని చెల్లుతుంది. లేకపోతే 2014 జూన్ నుంచి తెలంగాణ శాసనసభ పాస్ చేసిన ప్రతి బిల్లునూ ఎవడో ఒకడు కోర్టుకు లాగేవాడు. జయలలిత కేసులోనూ ఆమె ముఖ్యమంత్రిగా చేసిన పనులను కోర్టు ముట్టుకోలేదు.

డబ్బు సంగతికి వస్తే, 193వ అధికరణం ఒకటుంది, ఎవరూ దాని పేరెత్తరు. అర్హత లేదని తెలిసి కూడా సభలో కూర్చున్నా, ఓటేసినా రోజుకు 500 రూపాయల జరిమానా. రాష్ట్రానికి రావాల్సిన బాకీ కింద వసూలు చేయాలి. 1950లో అయిదు వందలంటే మోయలేని మొత్తం. ఆ అంకె అలాగే ఉండిపోయింది, ఇప్పుడు అది ఎమ్మెల్యే కారు డీజిల్‌కు కూడా రాదు. పైగా తెలిసి కూర్చున్నాడని నిరూపించాలి. ఆయన చేతిలో ఎప్పుడూ ఏదో ఒక స్టే ఉంది కాబట్టి, "కోర్టే నన్ను ఉండమంది" అనే జవాబు సిద్ధంగా ఉంటుంది. నేను లాయర్‌ని కాను గానీ ఆ దారిలో ఎవరైనా పోతారని నాకు నమ్మకం లేదు. జీతం వెనక్కి కట్టమని 2024 తీర్పులో నాకెక్కడా కనిపించలేదు, 30 లక్షలు ఖర్చుల కింద వేసినవే.

మేడిపల్లి, ప్రస్తుతం దుబాయ్:

అందరికీ నమస్తే. మా ఏరియాలో ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారని తెలుసు కదా. ఈ కేసు వచ్చినప్పటి నుంచి మా క్యాంపులో ఒకటే డౌటు. మేం ఏళ్ల తరబడి బయట ఉంటున్నాం, రెండేళ్లకోసారి నెల రోజులు ఇంటికి వస్తాం. రేపు మాలో ఎవరైనా ఎమ్మెల్యేగా నిలబడాలంటే "ఏడాది ఇండియాలో లేవు" అని మాకూ ఇదే చెబుతారా? డీటీ సార్ చెప్పాలె.

రిటైర్డ్ డీటీ:

చెప్పరు. ఆ ఏడాది షరతు పౌరసత్వం పోగొట్టుకుని మళ్లీ అడిగేవాళ్లకు. మీ చేతిలో ఉన్నది భారత పాస్‌పోర్టు. దుబాయ్‌లో ఎన్నేళ్లున్నా, వీసా ఎన్నిసార్లు రెన్యువల్ చేసుకున్నా మీరు పోగొట్టుకున్నది ఏమీ లేదు. బయట ఉండటం వేరు, బయటి పౌరసత్వం తీసుకోవడం వేరు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చేది) పెట్టుకున్న మీ ఊరి డాక్టరుకైతే ఓటూ లేదు, పోటీ చేసే వీలూ లేదు. మీకు రెండూ ఉన్నాయి.

చేయాల్సింది ఓటరు జాబితాలో పేరు ఉండేలా చూసుకోవడం. ఊళ్లో లేరని బూత్ స్థాయి అధికారి పేరు తీసేసి ఉంటే ఫారం 6ఏ నింపండి. అది విదేశాల్లో ఉన్న మన పౌరుల కోసమే. ఆన్‌లైన్‌లో వేయవచ్చు, పాస్‌పోర్టులో రాసి ఉన్న ఊరి చిరునామాతోనే పేరు నమోదవుతుంది. ఓటేయడానికి మాత్రం పాస్‌పోర్టు పట్టుకుని మేడిపల్లి బూత్‌కు స్వయంగా రావాలి. టికెట్ డబ్బులు ఎవరూ ఇవ్వరు.